కాగితం మీద ఉక్కు

బంగారం కొనేటప్పుడు గీటురాయి ఉండేది, ఇప్పుడు హాల్‌మార్క్ ఉంది. బియ్యం కొంటే గుప్పెడు చేతిలోకి తీసుకుని నలిపి చూస్తాం. మామిడిపండు కొంటే వాసన చూస్తాం. మరి ఉక్కు కొనేవాళ్లు ఏం చూస్తారు? రెండు ప్లేట్లు పక్కపక్కన పెట్టారనుకోండి. రెండిటిదీ అదే నలుపు, అదే తుప్పు, అదే బరువు. ఒకటేమో ఏళ్ల తరబడి ఒత్తిడిని తట్టుకోవాల్సిన బాయిలర్ ప్లేటు. ఇంకోటి షెడ్లకీ, గేట్లకీ వాడే మామూలు ప్లేటు. వట్టి కంటితో తేడా చెప్పడం ఎవరివల్లా కాదు.

అందుకే ఉక్కుతో పాటు ఒక కాగితం వస్తుంది. దాని పేరు మెటీరియల్ టెస్ట్ సర్టిఫికెట్. ఫ్యాక్టరీల్లో ఎంటీసీ అంటారు, ఇంకా ముద్దుగా టీసీ అంటారు. మనం స్కూలు మారేటప్పుడు హెడ్మాస్టరు ఇచ్చే టీసీకీ దీనికీ పెద్ద తేడా లేదు. ఎక్కడ పుట్టింది, ఏ క్లాసు, నడవడిక ఎలాంటిది అన్నీ అందులో ఉంటాయి. అది లేకపోతే కొత్త స్కూల్లో చేర్చుకోరు. దొంగ టీసీలు అక్కడా ఉంటాయి, ఇక్కడా ఉంటాయి.

నేను చదివింది మెకానికల్, చేస్తున్నది సాఫ్ట్‌వేర్. మనలో సగం మంది కథ ఇదే లెండి. కాకపోతే రెండేళ్లుగా నా ఉద్యోగం మళ్లీ ఉక్కు దగ్గరికే వచ్చింది. ఫ్యాక్టరీలకి వచ్చే ఈ సర్టిఫికెట్లని చదివి, సరిచూసి, తేడాలుంటే చెప్పే సాఫ్ట్‌వేర్ రాసే టీంలో ఉన్నాను. ఆ పనిలో తెలిసిన సంగతులే ఈ వారం.

ముందు ఆ కాగితం ఎలా పుడుతుందో చూద్దాం. ఫర్నేసులో కరిగించి ఒక విడతగా తీసిన ఉక్కుని ‘హీట్’ అంటారు. ప్రతి హీట్‌కీ ఒక నంబరు ఉంటుంది. కరిగిన లోహం లేడిల్‌లో ఉండగానే చిన్న నమూనా తీసి కార్బన్ ఎంత, మాంగనీస్ ఎంత, గంధకం ఎంత, భాస్వరం ఎంత అని లెక్క కడతారు. ఇది కెమికల్ భాగం. తర్వాత ప్లేటుగా సాగదీశాక ఒక ముక్క కోసి, మిషన్లో బిగించి, తెగేదాకా లాగుతారు. ఎక్కడిదాకా లాగితే మళ్లీ పాత పొడవుకి రాకుండా పోతుందో అది యీల్డ్. ఎక్కువలో ఎక్కువ ఎంత లాగుడుకి నిలిచిందో అది టెన్సైల్. తెగేలోపు ఎంత శాతం సాగిందో అది ఎలాంగేషన్. ఇది మెకానికల్ భాగం. ఈ అంకెలన్నీ హీట్ నంబరు కింద అచ్చవుతాయి. అదే హీట్ నంబరు ప్లేటు మీద కూడా గుద్దుతారు. కాగితానికీ ఇనుముకీ మధ్య ఉన్న బంధం ఆ ఒక్క నంబరే.

సర్టిఫికెట్లు అన్నీ ఒకటి కావు. యూరప్ వాళ్ల ఈఎన్ 10204 అనే ప్రమాణం వీటిని నాలుగు రకాలు చేసింది. మన దేశంలోని పరిశ్రమలూ ఆ పేర్లే వాడతాయి. 2.1 అంటే ‘మీరు అడిగిందే ఇచ్చాం, మా మాట నమ్మండి’ అని రాసివ్వడం. 2.2లో పరీక్షల ఫలితాలుంటాయి గానీ అవి మీకొచ్చిన సరుకు మీద చేసినవే అయ్యుండాలని లేదు. 3.1 అంటే మీ సరుకు మీదే చేసిన పరీక్షలు, ఉత్పత్తి విభాగంతో సంబంధం లేని తనిఖీ అధికారి సంతకంతో. 3.2కి దాంతో పాటు కొనేవాళ్ల తరఫు ఇన్‌స్పెక్టరు లేదా నిబంధనల ప్రకారం నియమితుడైన ఇన్‌స్పెక్టరు సంతకం కూడా కావాలి. చాలా చోట్ల ఆర్డర్లో 3.1 అని రాసి, వచ్చింది 2.2 అయినా ఫైల్లో పెట్టేసి ఊరుకుంటారు. కాబట్టి అంకెలకంటే ముందు చూడాల్సింది ఇది.

ఇక అంకెల సంగతి. ప్రెషర్ వెసెల్స్‌కి బాగా వాడే ప్లేటు ఎస్‌ఏ 516 గ్రేడ్ 70. దీని టెన్సైల్ 485 నుంచి 620 మెగాపాస్కల్ మధ్య ఉండాలి, యీల్డ్ కనీసం 260. మాంగనీస్ 0.85 నుంచి 1.20 శాతం. మామూలు కట్టడాలకి వాడే ఐఎస్ 2062 ఈ250 ప్లేటుకి టెన్సైల్ 410 ఉంటే చాలు. రెండిటి ధరలో తేడా ఉంది కాబట్టే మోసానికి చోటుంది.

సర్టిఫికెట్లో అంకెలన్నీ హద్దుల్లో ఉన్నాయా అని చూడటం సాఫ్ట్‌వేర్‌కి చిటికెలో పని. కానీ దొంగ కాగితం తయారు చేసేవాడికి హద్దులు మనకంటే బాగా తెలుసు. వాడు హద్దు దాటిన అంకె ఎందుకు వేస్తాడు? అందుకే అంకెల్ని ఒకదాంతో ఒకటి ముఖాముఖి కూర్చోబెట్టాలి.

ఒక ఉదాహరణ. వెల్డింగ్‌కి ఉక్కు ఎంత అనుకూలమో చెప్పే కార్బన్ ఈక్వివలెంట్ అనే లెక్క ఉంది. కార్బన్‌కి, మాంగనీస్‌లో ఆరో వంతు, క్రోమియం మాలిబ్డినం వెనేడియం మొత్తంలో ఐదో వంతు, నికెల్ రాగి మొత్తంలో పదిహేనో వంతు కలపాలి. కార్బన్ 0.18, మాంగనీస్ 1.08, తర్వాతి మూడూ కలిపి 0.05, చివరి రెండూ కలిపి 0.06 అనుకోండి. 0.18, 0.18, 0.01, 0.004 కూడితే 0.374 వస్తుంది. సర్టిఫికెట్లో 0.34 అని ఉంటే? మిల్లు కంప్యూటరు కూడిక తప్పదు. ఎవరో మధ్యలో ఒక అంకె మార్చి, కూడిక మార్చడం మర్చిపోయారన్నమాట.

ఇంకోటి బరువు. ఉక్కు ఘనపు మీటరుకి 7,850 కిలోలు. 12 మిల్లీమీటర్ల మందం, రెండున్నర మీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు ప్లేటు 2,355 కిలోలు తూగాలి. కాగితం మీద కొలతలు ఒకటి చెప్పి బరువు ఇంకోటి చెబితే ఆగి అడగాలి. పరీక్ష తేదీకంటే సర్టిఫికెట్ తేదీ ముందుండటం, పీడీఎఫ్‌లో హీట్ నంబరు ఒక్కటే వేరే ఫాంటులో ఉండటం, ఇవన్నీ కూడా మా చెక్‌లిస్టులో ఉన్నాయి.

ఇప్పుడు అసలు కథకొస్తాను. హైదరాబాద్ శివార్లలో ఒక పారిశ్రామికవాడ. అక్కడ మందుల కంపెనీలకి వెసెల్స్ తయారుచేసే ఒక మధ్యతరహా షాపు మా సాఫ్ట్‌వేర్ వాడుతుంది. ఒక ట్రేడరు దగ్గర్నుంచి గ్రేడ్ 70 ప్లేట్లు 6 వచ్చాయి. రెండు హీట్లు, హీట్‌కి మూడేసి ప్లేట్లు, రెండు సర్టిఫికెట్లు. అన్ని అంకెలూ హద్దుల్లోనే ఉన్నాయి. అయినా సాఫ్ట్‌వేర్ ఎర్రజెండా ఎత్తింది. కారణం, రెండు సర్టిఫికెట్లలో హీట్ నంబర్లు వేరు గానీ మిగతావన్నీ ఒకటే. తొమ్మిది మూలకాలు, దశాంశం తర్వాత మూడో స్థానం దాకా అచ్చు గుద్దినట్టు ఒకటే. యీల్డ్, టెన్సైల్ కూడా అంతే.

ఒకే అమ్మ, ఒకే గిన్నెలో, ఒకే చింతపండుతో చేసినా నిన్నటి పులుసూ ఇవాళ్టి పులుసూ ఒకటి కావు. రెండు హీట్ల ఉక్కు మూడో దశాంశం దాకా కలవడం అంతకంటే విడ్డూరం.

షాపు యజమాని నలభై లోపు మనిషి. బ్యాంకు లోను, డెలివరీ తేదీ, రోజుకింత అని పెనాల్టీ, అన్నీ ఆయన నెత్తిమీద ఉన్నాయి. క్వాలిటీ చూసే పెద్దాయనకి అరవై దగ్గర పడుతున్నాయి. ఒక పెద్ద ప్రభుత్వ సంస్థలో పనిచేసి రిటైరై వచ్చారు.

“అన్నా, అన్నీ లిమిట్లోనే ఉన్నయి కదా. ట్రేడరుని అడిగిన. మిల్లోళ్లు కాపీ పేస్ట్ చేసుంటరు, మామూలే అంటున్నడు” అన్నాడు యజమాని.

“మామూలే అని కాయితం మీద రాసిమ్మను. సంతకం పెడతా” అన్నారు పెద్దాయన.

యజమాని నావైపు తిరిగాడు. “మీ సాఫ్ట్‌వేర్ల ఈ చెక్ తీసేయొచ్చా సార్?”

తీసేయొచ్చు. ఒక లైను కోడ్. కానీ నేను నోరు తెరిచేలోపే పెద్దాయన అందుకున్నారు. “బాబూ, నువ్వు తీసేసినా నేను తీసెయ్యను. ఆ వెసెల్ పక్కన రోజూ షిఫ్టు షిఫ్టంతా నిలబడేది నువ్వూ కాదు, నేనూ కాదు.”

తర్వాత ఆయన చేసిన పని చిన్నదే గానీ చాలామంది చెయ్యరు. సర్టిఫికెట్ మీదున్న ఫోన్ నంబరుకి చెయ్యలేదు. దొంగ కాగితం మీద ఫోన్ నంబరు కూడా దొంగదే కావచ్చు కదా. మిల్లు అధికారిక వెబ్‌సైట్ తెరిచి, అక్కడున్న ఈమెయిల్‌కి రెండు సర్టిఫికెట్లూ పంపించారు. ప్లేట్ల మీద గుద్దిన నంబర్ల ఫొటోలు జతచేశారు. జవాబు వచ్చేదాకా ప్లేట్లని కట్ చెయ్యొద్దని పక్కన పెట్టించారు.

మూడు రోజులకి జవాబొచ్చింది. మొదటి హీట్ మాదే, ఆ సర్టిఫికెట్ మేమిచ్చిందే. రెండో హీట్ నంబరుతో ఈ గ్రేడ్ మేము చెయ్యలేదు. అంతే, రెండు వాక్యాలు.

అనుమానం ఉన్న ప్లేటు నుంచి ముక్క కోసి గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపారు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చేతిలో తుపాకీలా పట్టుకుని ప్లేటుకి ఆనిస్తే మూలకాలు చెప్పే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషన్లు చాలా చోట్ల ఉన్నాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అది కార్బన్‌ని చూడలేదు. ఉక్కుని ఉక్కు చేసేదే కార్బన్ కదా, దానికి స్పార్కు పెట్టి వెలుగుని కొలిచే ఓఈఎస్ మిషన్ గానీ, లేజరుతో కొలిచేది గానీ కావాలి. ల్యాబ్‌లో కార్బన్ హద్దులోనే వచ్చింది. మాంగనీస్ మాత్రం 0.61. ప్లేటు ముక్క మీద చేసే పరీక్షకి ఇచ్చే సడలింపు కలుపుకున్నా కనీసం 0.79 ఉండాలి. టెన్సైల్ 438. కావాల్సింది 485. అంటే అది మామూలు ప్లేటు, గ్రేడ్ 70 కాగితం తొడుక్కుని వచ్చింది.

“ఆ ప్లేట్లతో చేసుంటే పేలిపోయేదా?” అని మా టీంలో ఒకమ్మాయి అడిగింది. నిజాయితీగా చెప్పాలంటే మర్నాడే పేలిపోదు. ఏఎస్‌ఎమ్‌ఈ కోడ్ ప్రకారం ఇలాంటి వెసెల్స్‌ని టెన్సైల్ బలంలో మూడున్నరో వంతుకి మించి భారం పడకుండా డిజైన్ చేస్తారు. ఇక్కడ బలం దాదాపు 10 శాతం తగ్గింది. అసలు భయం అదే. డిజైన్ ఒత్తిడికి 1.3 రెట్లు పెట్టి నీళ్లతో చేసే హైడ్రోటెస్టులో కూడా ఆ వెసెల్ హాయిగా పాసయ్యేది. ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ మార్జిన్ పెట్టింది ట్రేడరు లాభం కోసం కాదు. తుప్పు పట్టి మందం తగ్గిన రోజు కోసం, వెల్డులో కనపడని లోపం కోసం, ఒత్తిడి అనుకోకుండా పెరిగిన రాత్రి కోసం. ఆ మూడూ ఒకేసారి వచ్చిన రోజున, దాచుకున్న డబ్బు ఎవరో ముందే తీసుకుపోయారని తెలుస్తుంది.

ఇదేదో మన దగ్గరి చిన్న ట్రేడర్ల రోగం అనుకునేరు. జపాన్‌లో కోబె స్టీల్ 2017 అక్టోబరులో బయటపెట్టిన సంగతి గుర్తుందా? అల్యూమినియం, రాగి మొదలైన ఉత్పత్తుల నాణ్యత వివరాలు మార్చి వందల కంపెనీలకి అమ్మింది. కార్లు, విమానాలు, బుల్లెట్ రైళ్లు చేసేవాళ్లంతా ఉలిక్కిపడ్డారు. 2019లో కోర్టు 10 కోట్ల యెన్‌ల జరిమానా వేసింది.

అమెరికాలో ఇంకో కథ. వాషింగ్టన్ రాష్ట్రం టకోమాలో బ్రాడ్‌కెన్ అనే కంపెనీ ఫౌండ్రీ నావికాదళం జలాంతర్గాములకి ఉక్కు పోతలు పోసేది. అక్కడి మెటలర్జీ డైరెక్టరు 1985 నుంచి 2017 దాకా 240కి పైగా పోతల పరీక్ష ఫలితాల్ని మార్చేసింది. కొన్ని పరీక్షలు మైనస్ 73 డిగ్రీల సెల్సియస్ దగ్గర చెయ్యాలి. అంత చలిలో చెయ్యమనడం అర్థం లేనిదని ఆవిడ అభిప్రాయం. 2017లో ల్యాబ్‌లో పనిచేసే ఒక ఉద్యోగి టెస్ట్ కార్డుల్లో అంకెలు దిద్ది ఉన్నాయని గమనించడంతో విషయం బయటపడింది. 2022లో ఆవిడకి రెండున్నరేళ్ల జైలు శిక్ష పడింది. ఫ్రాన్స్‌లోనూ ఇలాంటిదే. అణు రియాక్టర్లకి భాగాలు చేసే లె క్రూసో ఫోర్జ్‌లో 1965 నుంచి పేరుకున్న దాదాపు 400 ఫైళ్లలో తేడాలున్నాయని 2016లో బయటపడింది.

వీటిలో పరీక్ష చేసిన సంస్థే అబద్ధం రాసింది. అలాంటప్పుడు మిల్లుకి ఈమెయిల్ పెట్టినా ‘అవును మాదే’ అంటుంది. కాబట్టి కాగితం సరిచూడటం ఒక మెట్టు మాత్రమే. ముఖ్యమైన పనులకి వచ్చిన సరుకులో ఒక ముక్క కోసి మళ్లీ పరీక్ష చేయించడం రెండో మెట్టు. ప్లేటుని కోసే ముందే ప్రతి ముక్క మీదా హీట్ నంబరు మళ్లీ గుద్దడం మూడోది. ఇది చెయ్యకపోతే మిగిలిన ముక్కకి ఊరూ పేరూ ఉండదు. ఆరు నెలల తర్వాత గోదాములో దొరికిన ఆ అనాథ ముక్క ఏ గ్రేడో చెప్పేవాళ్లు ఉండరు.

క్యూఆర్ కోడ్ వచ్చేసింది కదా, ఇంకా ఈ గోల దేనికి అని మా ఫ్రెండ్స్ అంటుంటారు. మంచిదే. కానీ క్యూఆర్ కోడ్ అంటే ఒక వెబ్ అడ్రసు, అంతే. మిల్లు పేరులో ఒక అక్షరం మార్చి వెబ్‌సైట్ పెట్టడం వంద రూపాయల పని కాకపోయినా వెయ్యి రూపాయల పని. స్కాన్ చేశాక అడ్రసు చదవండి. దానికంటే డిజిటల్ సంతకం ఉన్న పీడీఎఫ్ నయం. ఒక్క చుక్క మార్చినా సంతకం చెల్లదని కంప్యూటరే చెబుతుంది. అయినా ఒక కిటుకు మిగిలే ఉంటుంది. పది టన్నులకి ఇచ్చిన నిఖార్సయిన సర్టిఫికెట్‌ని చూపించి నలభై టన్నులు అమ్మొచ్చు. కాగితం అసలుదే, ఇనుమే కాదు. దాన్ని పట్టుకోవాలంటే ప్లేటు దగ్గరికి వెళ్లి, దుమ్ము తుడిచి, గుద్దిన నంబరు చదవాల్సిందే. ఆ పని ఏ సాఫ్ట్‌వేరూ చెయ్యదు.

ఆ షాపులో ఏమైందంటారా? డెలివరీ రెండు వారాలు ఆలస్యమైంది. పెనాల్టీ కట్టారు. ట్రేడరు మూడు ప్లేట్లూ వెనక్కి తీసుకున్నాడు. లారీ ఎక్కించే ముందు పెద్దాయన వాటి మీద నాలుగు వైపులా పసుపు పెయింటుతో ‘రిజెక్టెడ్’ అని రాయించారు. పెయింటు తుడిస్తే పోతుందని ఆయనకీ తెలుసు. ఏడు టన్నుల ఆ ఉక్కు తర్వాత ఏ కాగితం తొడుక్కుని ఎవరి దగ్గరికి వెళ్లిందో మాకెవరికీ తెలీదు. మామూలు ప్లేటుగా అమ్మితే తప్పేం లేదు. అలా అమ్మాడనే అనుకోవాలి.

మనకీ ఫ్యాక్టరీల గొడవ ఎందుకు అంటారేమో. మీలో ఇల్లు కట్టేవాళ్లు ఉంటారుగా. మీరు కొనే చువ్వలకి కూడా ఇదంతా వర్తిస్తుంది. ఎక్కువగా వాడే ఎఫ్‌ఈ 500డీ అంటే యీల్డ్ కనీసం 500 మెగాపాస్కల్, ఎలాంగేషన్ కనీసం 16 శాతం, గంధకం భాస్వరం కలిపి 0.075 శాతం దాటకూడదు. చివర్లో ‘డీ’ లేని ఎఫ్‌ఈ 500కి ఎలాంగేషన్ 12 శాతమే చాలు. ఆ ఒక్క అక్షరం బిల్లులో ఉందో లేదో చూసుకోండి.

లోడు దిగేటప్పుడు నాలుగు పనులు చెయ్యండి. కట్టకి వేలాడే ట్యాగు ఫొటో తీసుకోండి, దాన్లో హీట్ నంబరు ఉంటుంది. ఆ హీట్‌కి సర్టిఫికెట్ ఇమ్మని డీలర్ని అడగండి. ఐఎస్‌ఐ గుర్తు దగ్గరుండే సీఎం/ఎల్ నంబరుని ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, ఆ లైసెన్సు ఎవరిదో, బతికుందో లేదో చెబుతుంది. నాలుగోది తూకం. 12 మిల్లీమీటర్ల చువ్వ మీటరుకి 0.888 కిలోలు. 12 మీటర్ల చువ్వలు పది కలిపి తూస్తే 106 కిలోల పైచిలుకు రావాలి. ప్రమాణం 5 శాతం అటూఇటూ ఒప్పుకుంటుంది, అంటే 101కి తగ్గకూడదు.

డీలరు చిరాకు పడతాడు. “ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ” అంటాడు. అననివ్వండి, లోడు మాత్రం సర్టిఫికెట్ వచ్చాకే దింపించుకోండి.